విమానం తోకలో ఎక్స్‌రే ముక్క

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. ఇప్పుడైతే పూర్తి ఫిల్మును కాను, కొన్ని ముక్కలుగా ఉన్నాను. ముక్కలైపోయాక నీ ప్రాణం ఏ ముక్కలో ఉందని అడక్కండి. మనసు ఒంట్లో ఎక్కడుందో చెప్పలేని మనుషులకి ఆ ప్రశ్న వేసే హక్కు లేదు.

నేను చీకట్లో పుట్టాను. మా జాతికి అదే ఆచారం. వెలుతురు తగిలితే మా బతుకు అక్కడితో సరి. నీలం కలిపిన ప్లాస్టిక్ రేకుకి రెండు వైపులా వెండి కలిపిన పూత పూసి, వందమందిని ఒక పెట్టెలో పెట్టి మూత వేశారు. పెట్టెలో మాకు కబుర్లే కబుర్లు. ఎవరి మీద ఏ బొమ్మ పడుతుందన్నదే అందరి ధ్యాస. ఒకడికి గుండె కావాలి, ఇంకొకడికి పుర్రె కావాలి. పూతే మన గొప్ప, కింద ఉన్న ప్లాస్టిక్కు దాన్ని మోసే బోయీ మాత్రమే అని అందరం నమ్మాం. నేను మరికొంచెం గట్టిగానే నమ్మాను.

మా పెట్టె తాడేపల్లిగూడెంలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి చేరింది. నా ముందున్నవాళ్ళకి మోకాళ్ళూ నడుములూ వచ్చాయి. నా వంతు ఫిబ్రవరి నెలాఖరున ఒక సాయంత్రం వచ్చింది. బల్ల మీద ఒక కుడిచెయ్యి పెట్టారు. ఒకసారి బోర్లా, ఒకసారి పక్కకి తిప్పి రెండు బొమ్మలూ నా మీదే తీశారు. మందునీళ్ళలో కడిగి ఆరబెట్టాక చూసుకుంటే వేళ్ళ ఎముకలన్నీ పొందిగ్గా కుదిరాయి. మణికట్టు దగ్గర మాత్రం ఒక ఎముక విరిగి కాస్త వెనక్కి ఒరిగింది. మూలన పేరు రాశారు: సువార్త, యాభై ఎనిమిది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. కాళ్ళు లేవనుకోండి, అయినా సరే.

డాక్టరు నన్ను దీపం పెట్టె మీద తగిలించి, "ఎలా పడ్డారమ్మా?" అని అడిగాడు.

సువార్త నోరు తెరిచేలోగా పక్కనున్న భర్త డేవిడ్‌రాజు, "బాత్రూములో జారిందండి" అన్నారు.

ఆవిడ భర్త వంక ఒకసారి చూసింది. చేతికి కట్టు వేయించుకుని, ఆటో ఎక్కి, ఆటో మలుపు తిరిగాక అప్పుడు అడిగింది.

"ఏవండీ, రన్‌వే మీద బాత్రూము ఎప్పుడు కట్టించారు?"

డేవిడ్‌రాజు కవరుతో సహా నన్ను గుండెకి హత్తుకుని రోడ్డు వంక చూస్తూ కూర్చున్నారు. ఇంత చక్కని బొమ్మని ఎవరైనా అలాగే హత్తుకుంటారని నేననుకున్నాను.

సంగతి ఇంటికి వెళ్ళాకగాని తెలియలేదు. డేవిడ్‌రాజు ఐటీఐలో ముప్పై ఏళ్ళు ఫిట్టరు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. సువార్త హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసింది. ఏళ్ళ తరబడి పిల్లలకి డిస్కస్ విసరడం నేర్పిన చెయ్యి ఆవిడది. ఊరి పక్కన తెల్లవాళ్ళ కాలంనాటి రన్‌వే ఒకటి ఉంది. పగుళ్ళలో గడ్డి మొలిచి, గేదెలు తిరుగుతుంటాయి. మాస్టారు బాల్సా అనే తేలిక చెక్కతో చేసిన బారెడు విమానాలు ఆదివారం ఆదివారం అక్కడ ఎగిరేవి. వాటికి చక్రాలుండవు. ఒకరు చేత్తో విసరాలి, ఒకరు రేడియో పెట్టె పట్టుకుని నడపాలి. విసిరేది టీచరు, నడిపేది మాస్టారు. వీళ్ళని చూసి ఊళ్ళో మరో అయిదుగురికి ఈ పిచ్చి పట్టుకుంది. ఎవరి విమానమైనా టీచరే విసరాలి. ఆవిడ చేతి మీదుగా వెళ్తే ముక్కు ఎత్తకుండా, దించకుండా తిన్నగా పోతుందని అందరికీ గురి.

ఇక్కడ మీకొక ముక్క చెప్పాలి, లేకపోతే నా కథ అర్థం కాదు. విమానం తోకకి వెనక అంచున ఒక సన్నటి పలక ఉంటుంది. అది పైకి లేస్తే విమానం లేస్తుంది, కిందికి వాలితే దిగుతుంది. తలుపు కదలాలంటే మడతబందు కావాలి కదా, ఈ పలకకీ బందు కావాలి. మాస్టారు వాడే బందు టేపు. కాగితాలు అంటించుకునే మామూలు టేపు. తోకకీ పలకకీ కలిపి పైనొక పట్టీ, కిందొక పట్టీ అంటిస్తే అయిదు నిమిషాల్లో పని పూర్తి. "ఇంత పిట్టకి ఇంకేం కావాలోయ్" అంటూ ఆ అయిదుగురికీ ఆయనే నేర్పారు. గురువు మాట కాబట్టి అయిదుగురూ అదే అంటించారు.

ఫిబ్రవరి నెలాఖరున ఒక గురువారం మాస్టారూ టీచరూ ఇద్దరే వెళ్ళారు. విమానం మధ్యాహ్నమంతా కారు వెనక అద్దం కింద ఎండలో మాడింది. టీచరు విసిరింది, అది బాగానే లేచింది. తిరిగి వస్తుండగా టేపు జిగురు మెత్తబడి ఒక పక్క జారిపోయింది, పలక వేలాడింది, విమానం మాట వినడం మానేసి టీచరు మీదికి దూసుకొచ్చింది. ఆవిడ వెనక్కి అడుగువేసి, గేదె తొక్కిన గుంటలో కాలు పడి, కుడిచెయ్యి ఊని పడింది. విమానం ఆవిడ తలకి జానెడు దూరంలో నేలని గుద్దుకుంది. చూసినవాళ్ళు ఎవరూ లేరు, గేదెలు తప్ప. అందుకే బాత్రూము పుట్టుకొచ్చింది.

అబద్ధానికి కాళ్ళుండవంటారు. మాస్టారి అబద్ధానికి మాత్రం చుట్టాలు బయల్దేరారు. ఆ ఆదివారం అయిదుగురూ బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చారు. నున్నటి టైల్సు ఎంత ప్రమాదమో ఒకాయన అరగంట చెప్పాడు. వాళ్ళలో ఫొటో స్టూడియో నడిపే ఖాసిం మర్నాడే రబ్బరు చాప కొనుక్కొచ్చి బాత్రూములో తనే పరిచాడు. ఇంకొకాయన గోడకి స్టీలు కడ్డీ బిగించాలని పట్టుబట్టాడు. మాస్టారు మారుమాట్లాడకుండా డ్రిల్లు మిషను తెచ్చి, ఏ పాపమూ ఎరగని గోడకి కన్నాలు పొడిచారు.

వాళ్ళు వెళ్ళాక టీచరు అంది. "చూడండీ, నేను ఎవరికీ చెప్పను. చెప్పాల్సింది మీరు. కానీ వాళ్ళందరి తోకల్లోనూ మీ టేపే ఉంది."

"చెప్తాలే సువార్తా. చెయ్యి తగ్గనీ."

"నా చేతికీ మీ నోటికీ సంబంధం ఏంటండీ?"

ముప్పై ఏళ్ళు కుర్రాళ్ళకి పాఠం చెప్పినాయన 'నేను నేర్పింది తప్పు' అనడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియదు. ఆయన ఇంక విమానాలు ముట్టనన్నారు. ఆదివారం రన్‌వేకి వెళ్ళడం మానేశారు. రోజూ పొద్దున్నే నన్ను బీరువా మీంచి తీసి, కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి, ఆ విరిగిన చోట చాలాసేపు చూసేవారు. నేనేమో నా అందం చూస్తున్నారనుకుని ఇంకాస్త నిటారుగా నిలబడేదాన్ని. సిగ్గు లేకపోతే సరి.

కట్టు విప్పిన వారానికి టీచరు ఒక ఎత్తు వేసింది. "ఎగరేయొద్దులెండి. కానీ టేపు కాకపోతే మరి ఏది ఆగుతుందో చూడొచ్చు కదా. కొలిచి చూడ్డానికి ఏం పోయింది?"

ఫిట్టరు మాస్టారి దగ్గర కొలత అన్న మాట ఎత్తితే ఇంకేముంది. మర్నాటికి వసారాలో దండెం కట్టారు. బాల్సా చెక్క ముక్కలు జంటలు జంటలుగా కోసి, ఒక్కో జంటని ఒక్కో వస్తువుతో కలిపి వేలాడదీసి, కింద ఇసక నింపిన సీసా కట్టారు. టీచరు మెడలో విజిలు వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. బందు ఊడిపోతే విజిలు. వీధిలో వాళ్ళు ఆ నాలుగు రోజులూ ఏదో పోటీలనుకున్నారు.

పోటీయే మరి. పంచె అంచు గుడ్డ జిగురు తాగేసి కర్రలా బిగిసింది, వంచితే పుటుక్కుమంది. పాల ప్యాకెట్టు తెగలేదుగాని సాగింది. సాగే బందుతో ఎగిరే విమానం తాగినవాడి సైకిలే. ఐడీ కార్డుకి వేసే లామినేషను రేకు వందసార్లు వంచేసరికి రెండు పొరలుగా విడిపోయింది. బజారులో అమ్మే నైలాను బందు చూడ్డానికి దొరబాబులా ఉంది, జిగురు దాని కీల్లోకి పోయి కదలనని భీష్మించింది. దారంతో కుట్టిన బందు మాత్రం గట్టిదే. కుట్టినవాళ్ళ నైపుణ్యాన్ని బట్టి ఒకటి బిగువు, ఒకటి వదులు. మాస్టారి కుట్లు వదులువి.

టేపుని ఆఖరున కట్టారు. నీడలో చక్కగా ఆగింది. మాస్టారు దాన్ని తీసుకెళ్ళి మిట్టమధ్యాహ్నం డాబా మీద కట్టారు. ముప్పావు గంటలో జారింది. ఆ రోజు టీచరు విజిలు వేయలేదు. మాస్టారు డాబా మెట్ల మీద కూర్చుని, సాయంత్రం దాకా కిందికి రాలేదు.

ఆ సాయంత్రమే టీచరు నన్ను బీరువా మీంచి దింపింది. "ఇది చూడండి. పలచగా ఉంది, సాగదు, ఎన్నిసార్లు వంచినా చిరగదు. ఊరికే పడుంది కదా."

"అది నీ చెయ్యి సువార్తా."

"అది బొమ్మలో ఉన్న చెయ్యేనండీ. అసలుది ఇదిగో."

కత్తెర పడింది. నొప్పి సంగతి అడక్కండి, నా బాధంతా బొమ్మ గురించే. చిటికెన వేలొక ముక్కలోకీ, బొటనవేలొకదానిలోకీ పోయాయి. అప్పుడు మాస్టారొక తప్పు చేశారు. చెక్క అంచున చీలిక చేసి, నా పూత కడగకుండానే జిగురు పెట్టి నన్ను అందులో దోపారు. జిగురు పెట్టే ముందు శుభ్రం చెయ్యకపోతే చెంపదెబ్బే అని ముప్పై ఏళ్ళు కుర్రాళ్ళకి చెప్పినాయన చేతులారా ఆ పని చేశారంటే, తెలియక కాదు. చెరపడానికి చెయ్యి రాలేదు.

నేను చాలా సంతోషించాను. ముక్కలైనా బొమ్మ మిగిలింది కదా అని.

మర్నాడు ఇసక సీసా కట్టారు. పది నిమిషాలాగి నేను చీలికలోంచి సర్రున జారి ఊడిపడ్డాను. జిగురు తన పని తను చేసింది, నా పూతని గట్టిగా పట్టుకుంది. నా పూతే నన్ను వదిలేసింది. ఎముక బొమ్మ పొట్టులా లేచి చెక్కలో ఉండిపోయింది, నేను నేల మీద ఉన్నాను. టీచరు విజిలు వేసింది.

"జిగురు పాతది" అన్నారు మాస్టారు.

"జిగురు నిన్న కొన్నదండీ."

టీచరు మిగిలిన ముక్కలన్నీ ఏరి, పెరట్లో బేసినులో బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళలో పడేసింది. మాస్టారు వెనకాలే వెళ్ళి, "ఉండు, అది మాత్రం వద్దు" అన్నారు. "అది చూసుకుంటేనన్నా నేను చేసింది గుర్తుంటది."

"చూసుకుని ఏం చేశారండీ ఇన్నాళ్ళూ? రోజూ పొద్దున్న చూస్తారు, బీరువా మీద పెడతారు, కాఫీ తాగుతారు. నా చెయ్యి నా దగ్గరే ఉంది. ఇదిగో, తిరుగుతుంది కూడా."

కట్టు విప్పాక ఆ కుడిచేత్తో ఆవిడ చేసిన మొదటి గట్టి పని నన్ను తోమడమే. బొటనవేలితో రుద్దుతుంటే నల్లటి పూత జిడ్డులా లేచి నీళ్ళలో కలిసింది. చిటికెన వేలు పోయింది, మణికట్టు పోయింది, విరిగిన ఎముక పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇంతకాలం నేనంటే ఆ బొమ్మే అనుకున్నాను. తీరా బేసినులోంచి బయటికి తీసి ఎండకి పట్టుకుంటే, నేనొక లేత నీలం రంగు రేకుని, ఇవతల్నుంచి అవతలికి అన్నీ కనిపిస్తున్నాయి. బోయీ అని నేను చులకన చేసిన ఆ ప్లాస్టిక్కునే నేనని అప్పుడు తెలిసింది. కొంచెం సిగ్గేసింది, కొంచెం తేలికగానూ అనిపించింది.

మాస్టారు గరుకు కాగితంతో నన్ను గీకారు, జిగురు దిగేలా సూదితో కన్నాలు పొడిచారు. ఇసక సీసా కడితే ఆ రోజు ఊడలేదు, మర్నాడూ ఊడలేదు. టీచరు చిన్న మోటారు కట్టి వెయ్యిసార్లకి పైగా అటూ ఇటూ వంపించినా చిరగలేదు. చివరికి మూడు ముక్కలు కొత్త విమానం తోకలో కూర్చున్నాయి. మిగిలినవాటిని మాస్టారు ఒక సబ్బుపెట్టెలో వేసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇంక ముట్టనన్న విమానం ఎప్పుడు పూర్తయిందో ఆయనే గమనించినట్టు లేదు.

మే నెల మొదటి ఆదివారం పొద్దున్నే రన్‌వే మీదికి వెళ్ళాం. అయిదుగురూ చుట్టూ మూగారు. రెండు నెలల తర్వాత టీచరు వచ్చిందని ఒకటే సందడి. ఆవిడ విమానం కడుపు కింద పట్టుకుని, రెండడుగులు వేసి, మణికట్టు తిప్పకుండా భుజంతో విసిరింది. గాలి తోకకి తగలగానే పలక పైకి లేచింది, నేను వంగాను. వంగి మళ్ళీ లేచాను. ఒక బొమ్మని భద్రంగా మోయడానికి పుట్టాననుకున్నాను, వంగడానికి పుట్టానని ఆకాశంలో తెలిసింది. మాస్టారు రెండు చుట్లు తిప్పి గడ్డి మీద మెత్తగా దించారు. టీచరు తన చేతిని తనే పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బాగానే ఉంది.

ఖాసిం తోక దగ్గర వంగి చూశాడు. "టేపు కాదేంటండి ఇది? దేంతో వేశారు మాస్టారూ?"

"ఏదో ఫిల్ములే."

అంతే అన్నారు. చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదని నాకే తెలుస్తుంటే ఆయనకి తెలియదా? టీచరు రన్‌వే చివరికి చూస్తూ నిలబడింది.

"మీది అయిపోయింది కదండి, ఇంక మాది" అంటూ ఖాసిం కారు వెనక సీటు మీంచి తన కొత్త విమానం తెచ్చాడు. మాస్టారి దానికంటే పెద్దది, బరువైంది, ఎర్రటి రెక్కలది. కారు అప్పటికే గంటన్నరగా ఎండలో ఉంది. "టీచరు గారి చేత్తో విసిరిద్దామని దాచుంచానండి. ఆయ్, బందులన్నీ మీరు చెప్పినట్టే, మీ టేపేనండి."

టీచరు విమానం అందుకుంది. కడుపు కింద చెయ్యి పెట్టింది. మాస్టారి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. విసరమంటే విసిరేలాగే ఉంది. ఖాసిం రేడియో పెట్టె పట్టుకుని, "కానివ్వండి టీచరు గారూ" అన్నాడు.

ఆవిడ మొదటి అడుగు వేసింది.

"ఆగు సువార్తా." మాస్టారు పరుగులాంటి నడకతో వెళ్ళి రెక్క పట్టుకున్నారు. ఆ ఎర్ర రెక్కతోనే మాట్లాడుతున్నట్టు అన్నారు. "ఈవిడ బాత్రూములో పడలేదు ఖాసిం. ఇక్కడే పడింది. నా విమానం మీదికొస్తే పడింది. ఎండకి టేపు జారింది. నేను నేర్పిన టేపే. మీ అందరికీ నేర్పిందీ అదే. నాది తప్పు. సిగ్గుపడి చెప్పలేదు."

దూరంగా గేదెల్ని తోలేవాడి కేక వినిపించింది.

ఖాసిం రేడియో పెట్టె కింద పెట్టాడు. "టీచరు గారు లేని రెండు నెలలూ మా ఆవిడ విసిరిందండి" అన్నాడు నెమ్మదిగా. "పాత విమానం. ప్రతి ఆదివారం."

"తెలుసు" అన్నారు మాస్టారు. "ప్రతి ఆదివారం ఇంట్లో కూర్చుని గడియారం చూసుకునేవాణ్ణి. పన్నెండు దాటి ఎవరూ ఫోను చెయ్యకపోతే అప్పుడు అన్నానికి లేచేవాణ్ణి."

ఖాసిం టీచరు చేతుల్లోంచి విమానం తీసుకుని, తోక పైకి తిప్పి, టేపు చివర గోరు పెట్టాడు. లాగాల్సిన పని లేకుండానే మూరెడు పట్టీ మొత్తం ఊడి వేలికి అంటుకుని వచ్చింది. ఎర్ర పలక అతని చేతిలో వేలాడింది. ఆ టేపుని అతను ఉండగా చుట్టి నేల మీద పెట్టి, గడ్డిలో చతికిలబడ్డాడు.

"ఆ ఫిల్ము ముక్కలున్నాయాండి ఇంకా?" అని చెయ్యి చాపాడు.

మాస్టారు సబ్బుపెట్టె తీశారు. మూత రాలేదు. టీచరు తీసి ఇచ్చింది. మిగతా నలుగురూ ఒకరి వెనక ఒకరు కార్ల దగ్గరికి వెళ్ళి తమ విమానాలు పట్టుకొచ్చి, వాటిని బోర్లా పెట్టి, టేపులు పీకడం మొదలుపెట్టారు. మాస్టారు వాళ్ళ మధ్యన గడ్డిలో కూర్చుని, పూత ఎందుకు కడగాలో, కడగకుండా జిగురు పెడితే ఏమవుతుందో మొదటినుంచీ చెప్పారు. తను చేసిన తప్పు ఒక్కటీ దాచకుండా చెప్పారు. ఆ ఆదివారం మరి ఏ విమానమూ ఎగరలేదు.